మా చిన్నాయనకు ముగ్గురల్లుళ్లు

మా చిన్నాయనకు ఆడపిల్లలు లేరు. అల్లుళ్లు మాత్రం ముగ్గురున్నారు. ముగ్గురూ ఆయన చొక్కా జేబులోనే ఇల్లరికం. ఇద్దరు ఒక ఫోనులో, మూడోవాడు ఇంకో ఫోనులో. సిమ్ కార్డుల్ని అల్లుళ్లనడమేంది చిన్నాయనా అంటే, “నెలనెలా పెట్టాల. పెట్టకపోతే అలుగుతారు. పెట్టినా పిలిస్తే పలుకుతారని నమ్మకం లేదు. ఇంకేమనాలరా?” అంటాడు.

ఈ అల్లుళ్లవి ఏ కంపెనీలో నేను రాయను. రాస్తే వచ్చే నెలకు చిన్నాయన మాట మార్చి నన్ను అబద్ధాలకోరును చేస్తాడు. పెద్దల్లుడు, నడిపల్లుడు, చిన్నల్లుడు అనుకుందాం. ఆ వరసా స్థిరం కాదు. ఏ వారం ఎవడు బాగా పలికితే ఆ వారానికి వాడే పెద్దల్లుడు.

ఇలాంటాయన మీ ఇంటా ఒకరుంటారు. పెళ్లి పంక్తిలో మీ పక్కనే కూర్చుంటారు. ఆకులో పప్పు పడేలోపు “మీది ఏ నెట్‌వర్కు?” అని అడుగుతారు. మీరు ఏ పేరు చెప్పినా “ప్చ్” అంటారు. ఆ ‘ప్చ్’ విన్నాక నెయ్యి రుచించదు.

మా చిన్నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నంద్యాల నుంచి పాణ్యం మీదుగా బనగానపల్లె, అక్కణ్నుంచి యాగంటి. కొన్నాళ్లు ఆళ్లగడ్డ, అహోబిలం వైపు. టికెట్లు కొట్టే మిషన్లు, అంటే టిమ్ములు, రాకముందు కండక్టర్లు స్టేజీ స్టేజీకి టికెట్ నంబర్లు కాగితం మీద రాసుకునేవాళ్లు. దాన్ని ఎస్సార్ అంటారు. ఉద్యోగం పోయింది కానీ చిన్నాయన చేతికి ఎస్సార్ పోలేదు. ఇప్పుడాయన దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంది. ఎడమవైపు స్టేజీలు, పైన అల్లుళ్లు, గళ్లల్లో అంకెలు. బస్సెక్కితే కిటికీ సీటు. ఊరు దాటగానే రెండు ఫోన్లూ తీసి సెట్టింగుల్లోకి పోయి సిమ్ స్టేటస్ చూసి రాసుకుంటాడు. పాణ్యంలో పెద్దల్లుడు మైనస్ 82. రైలుగేటు దగ్గర నడిపల్లుడు మైనస్ 97. ఇంకొంచెం ముందుకు పోతే చిన్నల్లుడు మైనస్ 115, పక్కనే ఎర్రసిరాతో ‘కోమా’.

ఫోను తెర మీది కడ్డీల్ని ఆయన లెక్కచేయడు. “అవి కంపెనీ పెట్టిన బొమ్మలురా, అంకె సూడు అంకె” అంటాడు. ఆ అంకెలన్నిటికీ ముందు మైనస్ ఎందుకుంటుందని ఒకసారి అడిగాను. “మన జీతంలో కోత ఉండదూ? పీఎఫ్‌కింత, సొసైటీకింత. అదీ అంతే. కోత తక్కువైతే చేతికి ఎక్కువ. పది పెరిగిందంటే బలం పదోవంతుకు పడిపోయినట్టు, ఇరవై పెరిగితే నూరోవంతు.” ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు డెసిబెల్ అన్న మాట బట్టీపట్టి పరీక్ష రాసినవాణ్ని. నా చదువు ఆ రోజు బనగానపల్లె బస్టాండులో పూర్తయింది.

ఫ్రీక్వెన్సీల పాఠం ఇంకా బాగా చెబుతాడు. “700, 800, 900 మెగాహెర్ట్జ్ ఉండాయే, అవి పల్లెవెలుగు బస్సులు. నిదానమే గానీ ప్రతి ఊరికీ పోతాయి, గోడల్లో గూడా దూరతాయి. 2300, 3500 అనేవి ఇంద్ర బస్సులు. యమా స్పీడు. మన ఊర్లో మాత్రం ఆపవు.” మా ఊరి ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. నాపరాయి దొరికే నేల మాది. గోడా రాయే, నేలా రాయే, కొన్ని ఇళ్లకు పైకప్పూ రాయే. సిగ్నలు వాకిట్లో చెప్పులు విడిచి అక్కడే నిలబడిపోతుంది. చిన్నాయన ఇల్లంతా వెతికి, వంటింట్లో రోలు మీద నిలబడితే నడిపల్లుడు బాగా పలుకుతాడని కనిపెట్టాడు. చిన్నమ్మకు చట్నీ నూరుకునే వేళ, ఆయనకు మాట్లాడే వేళ ఒకటే కావడంతో ఆ ఇంట్లో పొద్దున్నే రోలు కోసం రగడ.

ఆయన ఫోను చేస్తే బాగున్నావా అని అడగడు. “శేషశాయి సీసా అను” అంటాడు.

ఇదీ ఊరికే కాదు. పాత ఫోన్ల లైన్లు మన గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోసేవి. ‘స’ బుస ఎక్కువగా ఆ పైనే ఉంటుంది కాబట్టి శ, ష, స ల తేడా సరిగా తేలేది కాదు. ఇప్పటి 4జీ కాల్స్‌లో హెచ్‌డీ గొంతు 7000 దాకా పోతుంది. నేను ‘శేషశాయి సీసా’ అంటే ఏ స ఏదో తేలాలి. తేలితే ఆ గడిలో టిక్కు. తేలకపోతే పెట్టేసి రెండో సిమ్ నుంచి చేస్తాడు. ముగ్గురల్లుళ్ల పరీక్ష అయ్యేసరికి నా భోజన విరామం అయిపోతుంది. “సరేరా, పెడతా” అంటాడు. ఏం మాట్లాడాలని చేశాడో ఇద్దరికీ తెలియదు. ఆఫీసులో నా పక్క సీటాయన చాలాకాలం నాకు భక్తి ఎక్కువనుకున్నాడు. సీసా మాత్రం ఆయనకు అర్థం కాలేదు.

డేటా విషయంలో చిన్నాయన పద్ధతి అన్నం విషయంలో మా అవ్వ పద్ధతే. మిగల్చకూడదు. రోజుకు ఒకటిన్నర జీబీ. అర్ధరాత్రి దాటితే మిగిలింది కంపెనీకే. ఆ ఆలోచన ఆయనకు నిద్రపట్టనివ్వదు. రాత్రి పదకొండున్నరకు అలారం పెట్టుకుని లేచి ఎంత మిగిలిందో చూస్తాడు. 600 ఎంబీ మిగిలితే యూట్యూబులో హెచ్‌డీ పెట్టి వదిలేస్తాడు. ఏం చూస్తున్నాడని కాదు, ఎంత ఖర్చవుతున్నదన్నదే చూస్తాడు. ఒకరాత్రి నేను నిద్రలేచి చూస్తే గోడకానుకొని నార్వేలో రైలు మంచులో పోతుంటే చూస్తున్నాడు. “ఇంకా 140 ఉండాయిరా, ఈ రైలు స్టేషనుకు సేరేలోపు అయిపోతాయి” అన్నాడు. ఇదే మనిషి, ఒకప్పుడు నెలకు ఒక జీబీ వేయించుకున్న రోజుల్లో, కిరసనాయిలు స్టవ్వు లాగా పని ఉన్నప్పుడే డేటా వెలిగించి పని అయిపోగానే ఆర్పేసేవాడు.

దేశంలో టెలికాంకు ఏం జరిగినా అది మా చిన్నాయన ఇంట్లో జరిగినట్టే. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైతే ఆధార్ కార్డు పట్టుకుని నంద్యాలలో వరసలో నిలబడ్డాడు. 2018లో వొడాఫోన్, ఐడియా కలిసిపోయినప్పుడు ఆయన జేబులో ఆ రెండూ ఉన్నాయి. “ఇద్దరల్లుళ్లనుకుంటి, తీరా సూస్తే ఒకడే!” అని రెండు రోజులు సరిగ్గా తినలేదు. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ వరసగా రేట్లు పెంచితే, సర్కారు సిమ్ముకు మారాలని వీధి అరుగు మీద ఉపన్యాసమిచ్చాడు. విన్నవాళ్లలో నలుగురు మారారు. ఆయన మారలేదు. “తొంభై రోజులు కాలేదురా” అన్నాడు.

ఈ తొంభై రోజుల సంగతి చెప్పాలి. నంబరు మార్చకుండా కంపెనీ మారే వెసులుబాటు 2011 జనవరి 20న దేశమంతటా వచ్చింది. చిన్నాయనకు అది సంక్రాంతి వెళ్లిన వారంలోపే వచ్చిన రెండో సంక్రాంతి. పోర్ట్ అని కొట్టి నంబరు రాసి 1900కు మెసేజి పంపితే ఎనిమిది అక్షరాల కోడు వస్తుంది. దాన్ని కొత్త కంపెనీకి చూపించాలి. కానీ ఒక కంపెనీలో తొంభై రోజులు కాపురం చేయనిదే ఇంకో కంపెనీకి పోనివ్వరు. గోడ మీది పంచాంగం క్యాలెండరులో ఏకాదశుల పక్కనే ఈ తొంభయ్యో రోజులకు సున్నలు చుట్టి ఉంటాయి. “అయ్యప్పకు ఒక మండలమే, వీళ్లకు రెండు మండలాలు పైన ఎనిమిది రోజులు” అంటాడు.

ఇక్కడ నాకొక పాత బాకీ ఉంది. 2011 ఏప్రిల్‌లో నాకు పెళ్లిచూపులయ్యాయి. వాళ్లు ఆలోచించుకుని ఫోన్ చేస్తామన్నారు. ఆ వారమే చిన్నాయన, “నీ కంపెనీది ఏం సిగ్నలురా, చచ్చిన పాము” అని నా నంబరుకు కోడు తెప్పించాడు. మారే రోజు ఒక పూటంతా పాత సిమ్ చచ్చిపోయింది, కొత్త సిమ్ పుట్టలేదు. ఆ పూటే పిల్ల తరఫువాళ్లు ఫోన్ చేశారు. నాలుగుసార్లు చేసి, పిల్లవాడు కావాలనే ఆపేసుకున్నాడు, ఇష్టం లేదు కాబోలని నిర్ధారించుకున్నారు. అది సర్దడానికి పెద్దమనుషులు రెండుసార్లు ఆళ్లగడ్డకు తిరగాల్సి వచ్చింది. పెళ్లయింది. మా ఆవిడ నేటికీ ఏ గొడవలోనైనా చివర్న, “ఆ రోజు స్విచాఫ్ చేసుకున్న మనిషివి” అంటుంది. చిన్నాయన్ను నిలదీస్తే, “నీ పెళ్లి నెల లేటైంది గానీ, కాల్ క్వాలిటీ మెరుగైందా ల్యాదా?” అన్నాడు. మెరుగైంది. అదే నాకు ఒళ్లుమంట.

పోయిన కార్తీకంలో అందరం యాగంటి పోయాం. పాతపాడు దాటి ఎర్రమల కొండలు దగ్గరికి జరుగుతుంటే చిన్నాయన నోటుబుక్కు తెరిచాడు. బండిలో ఉన్న ఎనిమిది మంది ఫోన్లూ అడిగి పుచ్చుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. కొండ అడ్డమొస్తే అలలు సరిగా వంగలేవని, హెచ్చు ఫ్రీక్వెన్సీవి మరీ తక్కువ వంగుతాయని డ్రైవరుకు చెబుతున్నాడు.

యాగంటిలో కాకి వాలదని మా వాళ్లందరికీ తెలిసిందే. తపస్సు చెడగొట్టినందుకు అగస్త్యుడు శపించాడంటారు. కాకి లేదు కాబట్టి శనికి వాహనం లేదు, శనీ రాడంటారు. చిన్నాయన దీనికి తన భాష్యం కలిపాడు. “కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం గదా. అంటే అది ఆ కాలం సెల్‌ఫోనే. అగస్త్యుడు శపించింది కవరేజీనిరా.” పూజారిగారు విన్నారు. నవ్వాలో వద్దో తేల్చుకోలేక హారతి పళ్లెం ముందుకు చాపారు.

కోనేరు మెట్ల దగ్గర ఒక రీడింగు. బసవన్న ముందు ఒక రీడింగు. ఆ బసవన్న ఇరవై ఏళ్లకు అంగుళం చొప్పున పెరుగుతున్నాడని ప్రతీతి. చుట్టూ తిరగడానికి ఒకప్పుడు ఉన్న చోటు ఇప్పుడు లేదని పెద్దలంటారు. చిన్నల్లుడి సిమ్ మీద మా పిల్లవాడి ఫోటో ఒకటి పంపబోతే గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. “బసవన్న స్పీడురా ఇది” అన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో నెట్‌కు అదే కొలత. సగం బసవన్న అంటే సినిమా చూడలేం, పాట వినొచ్చు.

వెంకటేశ్వర స్వామి గుహకు నిటారు మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులని ఇంట్లో అటక ఎక్కని మనిషి, మూడు సిమ్ములతో ఆ మెట్లన్నీ ఎక్కాడు. దిగొచ్చి, “లోపల రాయి మందం. ముగ్గురికీ సున్న. అందరికీ ఒకే న్యాయం జరిగిన చోటు ఇదొక్కటే” అన్నాడు. ఆ మొహంలో అంత తృప్తి నేను ఆయన రిటైర్‌మెంట్ సన్మానం రోజు కూడా చూడలేదు.

అదే వేళకు కర్నూలు నుంచి చిన్నాయన వియ్యంకుడు ఆయనకు ఫోన్ చేసి, “ముహూర్తం పదో...” అనగానే లైను తెగింది. పదో తేదీయా, పది గంటలా, పదో నెలా? చిన్నాయన కంగారుపడలేదు. “ట్రాయ్ లెక్క ప్రకారం నూటికి రెండు దాకా తెగొచ్చు. ఇది ఆ రెండిట్లోది” అని రాసుకున్నాడు. ముహూర్తం ఎప్పుడో కనుక్కున్నది చిన్నమ్మ.

చిన్నమ్మది నొక్కుడు బటన్ల ఫోను. 2003లో వచ్చే కాల్స్‌కు డబ్బులు పోవని తెలిశాక తీసుకున్న నంబరు, ఇప్పటికీ అదే. కంపెనీ ఏదంటే, “ఏమో నాయనా, శెట్టి అంగట్లో వేస్తాడు” అంటుంది. దాన్ని కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంటుంది. వియ్యంకుడైనా, బ్యాంకువాళ్లైనా, పాత డిపో మేనేజరైనా చిన్నాయన కావాలంటే ఆ నంబరుకే చేస్తారు. “ఒక్కసారి ఆయనకు ఇస్తారామ్మా?” అంటారు. ఆమె రోలు దగ్గరికి తీసుకెళ్లి ఇస్తుంది.

నేను హైదరాబాదులో ఉంటాను. నాకు రెండే సిమ్ములు. మొన్న ఒక పెళ్లిలో పక్కన కూర్చున్న కుర్రాణ్ని, “మీది ఏ నెట్‌వర్కు?” అని అడిగాను. చెప్పాడు. నా నోటి నుంచి ‘ప్చ్’ వచ్చింది. నేను ఆపుకునేలోపే వచ్చింది.

పోయిన ఆదివారం చిన్నమ్మ ఫోన్ చేసింది. “నాయనా, నా ఫోనుకు ఏందో మెసేజి వచ్చిండాది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి ఎనిమిది ఉండాయి. పొద్దున మీ చిన్నాయన నా ఫోను ఎత్తుకోని మిద్దెక్కినాడు. ఏమన్నా భయమా?”

భయమే. ఇరవై ఏళ్లకు పైగా కదలని నంబరు. ఆ కోడు ఎవరికీ చూపకుండా చెరిపేయమని, నాలుగు రోజులు గడిస్తే దానంతటదే చెల్లకుండా పోతుందని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను.

“చిన్నమ్మా, ఏ కంపెనీకి మారుస్తాండాడో అడుగు” అన్నాను.

ఆమె ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే మిద్దె వైపు కేకేసింది. పైనుంచి జవాబు, ఏ అక్షరానికి ఆ అక్షరం తేలేలా నాకు వినబడింది.

“ముందు శేషశాయి సీసా అనమను వాణ్ని!”