ఈరోజు తాళం – రేపు డబ్బు

కిరాణా కొట్లో బోర్డు చూసే ఉంటారు: 'ఈరోజు నగదు – రేపు అరువు'. పాత కార్ల కన్సల్టెన్సీలో ఆ బోర్డు ఉండదు. ఎందుకుంటుంది? అక్కడ అరువిచ్చేది మీరు!

ఉదయగిరి కావచ్చు, ఆత్మకూరు కావచ్చు. ఒకరికి ఆసుపత్రి ఖర్చు, ఒకరికి కాలేజీ ఫీజు, ఇంకొకరికి బోరు ఎండింది. కారు అమ్మేద్దామనుకుంటారు. మంచి రేటు కోసం నెల్లూరు దాకా తోలుకుపోతారు. కన్సల్టెన్సీలో రాజమర్యాద. ఏసీ గది, కూల్‌డ్రింకు, నోరారా 'అన్నా' అన్న పిలుపు. బానెట్ ఎత్తుతారు. గీతలు లెక్కబెడతారు. గీతకింత అని కోస్తారు. కాస్త అడ్వాన్సు మీ చేతిలో పడుతుంది. ఆర్సీ, రెండు తాళాలు, ఖాళీగా ఉన్న 29, 30 నంబరు పేరు మార్పిడి ఫారాల మీద మీ సంతకాలు అటు పోతాయి. బదులుగా ఒక మాట ఇటు వస్తుంది. 'మిగతాది రెండ్రోజుల్లో వేసేస్తాలే. నమ్మకం లేదా అన్నా?'

ఆ రెండ్రోజులూ బ్రహ్మదేవుడి రోజులని అప్పుడు ఎవరూ చెప్పరు.

'బ్యాంకు సెలవన్నా.' సెలవేంది సామీ? నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రీపగలూ నడుస్తున్నాయి. వాటికి ఆదివారం లేదు, సంక్రాంతీ లేదు. 'అమావాస్యన్నా, డబ్బు బయటికి తియ్యం.' మరి అదే అమావాస్య నాడు మీ కారు బయటికి ఎట్లా పోయింది? ఆ తర్వాత ఫోనెత్తడు. వాట్సాప్‌లో నీలి టిక్కులు పడతాయి, ఖాతాలో డబ్బు పడదు. చివరికి అసలు సంగతి చెబుతాడు. 'పార్టీ ఇంకా ఇవ్వలేదన్నా.' ఏ పార్టీ? మీ కారు కొన్న పార్టీ! అంటే మీ సొత్తు అమ్మి, ఆ సొమ్ములో తన వాటా తీసుకుని, మిగిలింది మీకిస్తాడట. పెట్టుబడి మీది, లాభం ఆయనది, వడ్డీ సున్నా. ఇంత చవకగా అప్పు ఏ బ్యాంకు ఇస్తుంది?

ఇదే పెద్దమనిషి దగ్గరికి కారు కొనడానికి వెళ్లండి. పది వేలు తక్కువైతే తాళం ముట్టుకోనిస్తాడా? 'ఫుల్ పేమెంట్ పడ్డాకే డెలివరీ సార్.' చూశారా? 'అన్నా' పోయి 'సార్' వచ్చింది. నమ్మకం ఏ గంగలో కలిసింది? అదే గది, అదే కుర్చీ, నీతులు మాత్రం రెండు.

ఉదయగిరి కోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి మరుసటి ఏడు పట్టుకున్నాడు. మీరూ అట్లాగే బస్సెక్కి వెళ్లి, బాకీ కోసం కన్సల్టెన్సీ ముందు కూర్చోవచ్చు. రాయలకు కోటయినా దక్కింది.

చట్టం లేదా? భేషుగ్గా ఉంది. సరుకు అప్పగించడం, ధర చెల్లించడం ఏకకాలంలో జరగాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. వేరే ఒప్పందం లేకపోతేనే, అని చిన్న మెలిక. 'రెండ్రోజుల్లో వేసేస్తా' అంటే మీరు తలూపారే, అదే ఆ వేరే ఒప్పందం! కారు అమ్మిన సంగతి రవాణా శాఖకు 14 రోజుల్లో చెప్పాలని మోటారు వాహనాల చట్టం మీ మెడ మీద కత్తి పెడుతుంది. డబ్బివ్వాల్సినవాడి మెడ మీద? ఏమీ లేదు. ఈలోపు ఆ కారు ఎవరినైనా గుద్దితే రిజిస్టరులో పేరున్నవాడే ఓనరని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే డబ్బు రాలేదు గానీ, పరిహారం కట్టే భాగ్యం మాత్రం మీదే.

2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలొచ్చాయి. పాత బండ్ల డీలరు అధికార పత్రం తీసుకోవాలి. బండి డీలరు చేతికి వెళ్లగానే ఆ సంగతి ఫారం 29సీతో రవాణా శాఖకు చేరాలి. అక్కడి నుంచి బాధ్యత డీలరుదే. భలే ఉంది! మీరు వెళ్లిన చోట గోడ మీద ఆ పత్రం కనబడిందా? అడిగితే నవ్వలేదూ?

స్టేషనుకెళ్తే 'ఇది సివిల్ మేటర్' అంటారు. ఆయనిచ్చిన చెక్కు బౌన్సయిందా? ఆరు నెలల్లో విచారణ ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం. 2019 చివరికి పేరుకుపోయిన చెక్కు కేసులు 35 లక్షల పైచిలుకని సుప్రీంకోర్టు రికార్డే చెబుతోంది. ఆ వరుసలో ఆఖరున నిలబడతారా?

రవాణా శాఖ దొరలారా, హెల్మెట్ లేకపోతే ఇంటికి ఫొటో పంపుతారే! పేరు మార్చేముందు అమ్మినవాడి ఖాతాలో పూర్తి డబ్బు పడిందా అని ఒక్క రుజువు అడగలేరా?

వాళ్లు అడిగేదాకా మీరే అడగండి. ఫోనులో మెసేజ్ మోగేదాకా తాళం జేబులోనే ఉంచండి. ఆయన మొహం చిట్లిస్తే ఆయన మాటే ఆయనకు అప్పజెప్పండి: 'నమ్మకం లేదా అన్నా?'