ఐదక్షరాల ఇంగ్లిషు మాట దొరకాలంటే: తప్పుగా తోచే ఆరు సలహాలు

"ఇన్ని అక్షరాలు, వాటిలో ఫలానావి ఉండాలి, మాటేది?" ఇంగ్లిషు ప్రశ్న ఇలా వస్తే పిల్లలు బిక్కమొహం వేస్తారు. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు ఇంట్లో కోయభాష, బడిలో తెలుగు, ఆపైన ఇంగ్లిషు నేర్చుకునే పిల్లలకు ఇది మరీ కష్టం. మనం మంచివనుకుని చెప్పే సలహాలే వాళ్లకు అడ్డొస్తున్నాయి. అందుకే టీచర్లకూ, అక్కలకూ, అన్నలకూ ఈ ఆరు మాటలు.

1. కొత్త మాటలు నేర్పకండి

రోజుకు పదేసి మాటలు బట్టీ పట్టించడం ఆపండి. పిల్లల నోట్లో ఉన్నవి చాలు. ఊరి పేరున్న ఇంగ్లిషు బోర్డు ముందు నిలబెట్టండి. భద్రాచలం పేరు ఇంగ్లిషులో 12 అక్షరాలు. డ్రామా, అలారం, మార్చి నెల మూడూ అందులోంచే వస్తాయి, మూడూ ఐదక్షరాలవే. గోదావరిలో రేడియో ఉంది, కిన్నెరసానిలో స్నేక్ ఉంది. మాట తెలుసు, స్పెల్లింగు ఒక్కటే నేర్చుకోవాలి. సగం పని అయిపోయినట్టే.

2. చెవిని నమ్మనివ్వకండి

తెలుగులో పలికినట్టే రాస్తాం. అదే అలవాటుతో పిల్లలు ఇంగ్లిషు మాటనూ పలికి వెతుకుతారు. కొత్తగూడెం పేరులో 10 అక్షరాలున్నాయి, ఒక్కటీ రెండోసారి రాదు. వాటిలో 'ఎఫ్' లేదు. అయినా 'టఫ్' అనే మాట అందులోనే ఉంది: టి, ఓ, యు, జి, హెచ్. చెవితో వెతికితే అది దొరకదు. లెక్కలోనూ ఇదే చిక్కు. భద్రాచలం తెలుగులో నాలుగే అక్షరాలు, ఇంగ్లిషులో 12. కాబట్టి ముందు గళ్లు గీయించండి, గడికొక అక్షరం వేయించండి.

3. అక్షరాల వరుస చెడగొట్టండి

మొదటి అక్షరం తెలియకపోతే డిక్షనరీ సాయపడదు. మాటలోని అక్షరాలను విడదీసి ఏబీసీడీ వరుసలో మళ్లీ రాయించండి. వైరా ఊరి పేరు అలా రాస్తే ఏ, ఆర్, డబ్ల్యూ, వై అవుతుంది. జాగ్రత్తగా ఉండడాన్ని చెప్పే 'వేరీ'కీ, పని చెడిపోవడాన్ని చెప్పే 'అరై'కీ అదే వరుస. ఒక నోటుబుక్కులో పైన ఈ వరుస, కింద దానికి సరిపడే మాటలు రాసుకుంటూ పోతే పిల్లల చేతిలో సొంత పదకోశం తయారవుతుంది. కంప్యూటర్‌తో మాటలు వెతికించే పద్ధతుల్లో ఇదీ ఒకటి. దీనికి సిగ్నల్ అక్కర్లేదు.

4. అచ్చుల వెంట పడనివ్వకండి

జోష్ వార్డిల్ తయారు చేసిన 'వర్డిల్' ఆట 2021లో జనంలోకి వచ్చింది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనుక్కుంది. ఐదక్షరాల మాట, ఆరు అవకాశాలు; ఒక్కో మాట వేసినప్పుడల్లా అందులోని ఏ అక్షరాలు జవాబులో ఉన్నాయో ఆట చూపిస్తుంది. నాలుగు అచ్చులున్నాయని చాలామంది 'అడ్యూ'తో మొదలుపెడతారు. అచ్చులు దాదాపు ప్రతి మాటలోనూ ఉంటాయి. అవి దొరికినంత మాత్రాన వెతకాల్సిన మాటలు పెద్దగా తగ్గవు. వేరు చేసి చూపేవి హల్లులు. అందుకే 'స్లేట్', 'క్రేన్' లాంటి మాటలు మేలు. పైగా క్రిప్ట్, నింఫ్ వంటి మాటల్లో ఇంగ్లిషు ఐదు అచ్చుల్లో ఒక్కటీ ఉండదు, 'వై' ఒక్కటే ఆ పని చేస్తుంది.

5. తప్పని తెలిసిన మాటే రాయించండి

అదే ఆటలో చివరి నాలుగు అక్షరాలూ ఐ, జి, హెచ్, టి అని తేలిందనుకోండి. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్... ఏది? ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతే అవకాశాలు అయిపోతాయి. 'ఫిల్మ్స్' అని వేయించండి. అది జవాబు కాదని తెలుసు. కానీ ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగింటి సంగతీ ఒక్క దెబ్బకు తేలుతుంది. తప్పు రాస్తే తిట్లు పడే పిల్లలకు, తెలిసి తప్పు రాయడం కూడా తెలివేనని చెప్పి తీరాలి.

6. అర్థం ముందే చెప్పకండి

భద్రాచలం పేరులో ఏడక్షరాల మాట ఒకటుంది: డ్రాక్మా. మీరు చెబితే పరీక్ష దాకానే గుర్తుంటుంది. పిల్ల తానే అక్షరాలు పేర్చి, ఇది మాటేనా అని అనుమానపడి, డిక్షనరీ తీసి చూడాలి. యూరో రాకముందు గ్రీసు దేశపు నాణెం అది. రామదాసు చెర విడిపించడానికి రాముడు తానీషాకు మాడలు చెల్లించాడన్న కథ వింటూ పెరిగిన పిల్లకు, తన ఊరి పేరులోనే పరాయి దేశపు నాణెం దొరికితే ఆ మాట ఇక పోదు.

వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్న కొత్తగూడెంలోనైనా, పాల్వంచలోనైనా, మణుగూరులోనైనా ఒక బోర్డు, ఒక పెన్సిలు, గళ్లు గీసిన కాగితం ఉంటే చాలు. ఇంగ్లిషు దూరపు చదువు కాదని, తమ ఊరి పేరులోంచే తవ్వి తీసుకోవచ్చని పిల్లలకు ముందు నమ్మకం కలగాలి. ఆ తర్వాత మాటలు వాళ్లే వెతుక్కుంటారు.