టికెట్ లేని ఎత్తు

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. నల్లమాడ మండలంలోని ఒక పల్లెలో, ఒక ఇంట్లో, వండర్‌లా పార్కు మాట ఆ వారమే పుట్టింది.

ఇంటాయన బేల్దారి. బెంగళూరులో అపార్ట్‌మెంట్లకు గోడలు కడతాడు. ఆ చుట్టుపక్కల అది వింత కాదు. అనంతపురం సీమలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. అదీ వేరుశనగ బుడ్డలు ఊడ దిగేటప్పుడు పడదు, పీకేటప్పుడు పడుతుంది. వరసగా రెండేళ్ళు పంట పోతే ఇంటికొకరు బెంగళూరు దారి పట్టాల్సిందే. ఆయన పదిహేను రోజులకొకసారి ఇల్లు చూసి పోతాడు. ఇంటి దగ్గర తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు, ఒక ఆవు, నాలుగు కోళ్ళు.

కొడుక్కు ఎనిమిదేళ్ళు. బడిలో ఒక పిల్లవాడు వండర్‌లా చూసొచ్చి అలల కొలను గురించి చెప్పాడు. ఈ పిల్లవాడు సముద్రం చూడలేదు. చెరువు నిండగా కూడా చూసింది తక్కువ.

"నాయనా, మోటార్లు పెట్టి అలలు లేపుతారంట. పోదామా?"

తండ్రికి ఆ పార్కు తెలుసు. మైసూరు రోడ్డులో, బిడది దగ్గర, 2005లో తెరిచారు. ఆ పక్కనే ఒక కట్టుబడిలో ఆయన పనిచేశాడు. గేటు ముందు నుంచి ఎన్నోసార్లు నడిచిపోయాడు. లోపలికి పోలేదు.

పోదామన్నాడు. ఆ రాత్రే బుడ్డల కాటా చీటీ వెనక లెక్క మొదలుపెట్టాడు.

పుట్టపర్తి దాకా భార్యకు బస్సు ఉచితం. అక్కడి ప్రశాంతి నిలయం స్టేషన్లో రైలెక్కితే బెంగళూరు. ఐదేళ్ళలోపు పిల్లలకు రైలు టికెట్ అక్కర్లేదు కాబట్టి పాపకు ఖర్చు లేదు. బెంగళూరు సిటీబస్సు మాత్రం కర్ణాటక ఆడవాళ్ళకే ఉచితం, అక్కడ డబ్బివ్వాలి. రాత్రికి ఆయన ఉండే షెడ్డులోనే పడక. పార్కులోకి బయటి తిండి రానివ్వరు. చిత్రాన్నం కట్టుకుపోయి బిడదిలోనే తినేయాలి. నూలు బట్టలతో నీళ్ళలోకి దిగనివ్వరు, పిల్లలకు నైలాన్ బట్టలు కొనాలి. చీరతోనూ దిగనివ్వరని తెలిసి, "నేను గట్టున కూర్చుంటాలే" అంది భార్య. ఆవును చూసుకోవాలి కాబట్టి తల్లి రాదు.

మిగిలింది పార్కు టికెట్. పెద్దలకు మనిషికి వెయ్యి రూపాయలు దాటుతుంది. పిల్లలకు కొంత తగ్గుతుంది, ఎక్కువేమీ కాదు. రైలుకు వయసు లెక్క, వండర్‌లాకు ఎత్తు లెక్క. 140 సెంటీమీటర్లు దాటితే పెద్దల టికెట్. 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్. 85 లోపు టికెట్ లేదు.

చీటీ పక్కన పెట్టి సంచిలోంచి టేపు తీశాడు.

కొడుకును ద్వారబంధానికి ఆనించి నిలబెట్టాడు. 118. వాడికి టికెట్ తప్పదు. పాపను పిలిచాడు. శ్రావణంలోనే మూడేళ్ళు నిండాయి. కాళ్ళు గచ్చుకు సమంగా పెట్టించాడు. రసమట్టం తెచ్చి తలమీద పెట్టాడు. ఆయన గోడ వరస ఎప్పుడూ కంటితో చూసి వదలడు, మట్టం పెట్టాల్సిందే. నీటి బుడగ రెండు గీతల మధ్యకు వచ్చేదాకా ఆగాడు. పాప ఊపిరి బిగబట్టుకొని నిలబడింది. మట్టం అడుగున, చెవి మీద పెట్టుకున్న పెన్సిల్‌తో గీత గీశాడు. పాపను పక్కకు జరిపి టేపు పట్టాడు.

84.

ఇంకోసారి కొలిచాడు. 84.

"పాపకు టికెట్ లేదు" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా పాప కూడా నవ్వింది.

ప్రయాణం సంక్రాంతికి అనుకున్నారు. అప్పటికి బుడ్డలు అమ్మిన డబ్బు చేతిలో ఉంటుంది. అవ్వ అడ్డు చెప్పింది.

"సంక్రాంతికి ఇంకా ఐదు నెలలుండాది. పెరిగే బిడ్డ. అంతవరకు ఇట్లే ఉంటాదా?"

నిజమే అనిపించింది. ఒక్క సెంటీమీటరు పెరిగితే ఒక టికెట్. ఆయుధపూజకు బెంగళూరులో మేస్త్రీలు ఎటూ పని ఆపుతారు. ప్రయాణం దసరాకు జరిపారు.

అప్పటికి బుడ్డలు చేతికి రావు. డబ్బు ఇంకో దారిన చూడాలి. ఆ పని భార్య మీదేసుకుంది. పూటకు అరలీటరు పాలు ఇంట్లోకి ఉంచుకునేవాళ్ళు. అవి కూడా డెయిరీకి పోసింది. పిల్లలు టీ డికాక్షన్ తాగడం నేర్చుకున్నారు. నాటుకోడి గుడ్డుకు మంచి ధర పలుకుతుంది. గుడ్లు పోగుచేసి అంగడికి ఇచ్చింది. వచ్చిన నోట్లు వచ్చినట్టు కందిపప్పు డబ్బాలో వేసింది. డబ్బాలో పప్పు అయిపోయి అప్పటికే కొన్నాళ్ళయింది. పాప పేరున తెచ్చిన బాలామృతం పొట్లాల్లో ఒకటి మిగిలి ఉంటే, బడి నుంచి రాగానే అన్న ఆకలికి ఉండలు చేసుకొని తినేశాడు. మూడేళ్ళు నిండిన పిల్లను అంగన్‌వాడీకి పంపాలి. ఊరు పోయొచ్చినాక పంపుదామనుకున్నారు.

తండ్రి టేపు, మట్టం ఇంట్లోనే వదిలిపోయాడు. ఆదివారం ఆదివారం బెంగళూరు నుంచి ఫోన్.

"ఎంతుండాది?"

"84నే."

"మట్టం పెట్టి చూసినావా?"

"పెట్టి చూసినా. గీత మీద గీత పడింది."

భార్య ఫొటో కూడా పంపింది. ద్వారబంధం మీద పెన్సిల్ గీత ఒకటే ఉంది, కొంచెం లావయింది.

పాపకు కొలత ఆటయింది. మట్టం కనపడితే చాలు, పరుగెత్తి పోయి నిలబడేది. "నాకు టికెట్ లేదు" అని వీధిలో పిల్లలందరికీ చెప్పింది. ఒకరోజు అన్న ఆటకు మునివేళ్ళ మీద లేపితే, అవ్వ కేకలేసి దింపింది.

వినాయక చవితి పోయింది. మహాలయ అమావాస్య దగ్గరికొచ్చింది. డబ్బాలో డబ్బు చాలినంత చేరింది. నైలాన్ బట్టలు కదిరిలో కొన్నారు. పాపకు మూడేళ్ళ పిల్లల సైజు తెస్తే భుజాల మీంచి జారింది, మార్చి చిన్నది తెచ్చారు.

పాప తల్లికి ఒక్క అనుమానం మిగిలింది. ఇంటి టేపు మాట పార్కు వాళ్ళు వింటారా? గేటు దగ్గర వాళ్ళ కొలబద్ద 85 చూపిస్తే అంత దూరం పోయి ఏం చేయాలి? సరైన కొలబద్ద ఊళ్ళో అంగన్‌వాడీలో ఉంది. ఇన్నాళ్ళూ పొట్లాలు తెచ్చుకోవడానికి అవ్వే పోయేది, పాప పోయింది తక్కువ. మరునాడు పాపకు తల దువ్వి, పిలక వేస్తే ఎత్తు ఎక్కువ చూపిస్తుందేమోనని వేయకుండా, తీసుకొని పోయింది.

"పాప ఎత్తు చూడక్కా."

టీచరు పాపను బద్ద ముందు నిలబెట్టింది. మడమలు, వీపు, తల బద్దకు ఆనించింది. పాపకు ఇదంతా వచ్చు. గడ్డం తనే సరిచేసుకుంది, ఊపిరి బిగబట్టింది. టీచరు పైనున్న పలకను మెల్లగా తలమీదికి దించింది. తల్లి వంగి అంకె తనే చదువుకుంది.

"84! 85 కాలేదు కదక్కా?"

టీచరు జవాబు చెప్పలేదు. ఫోన్‌లో పుట్టిన తేదీ చూసింది. పాపను ఇంకోసారి నిలబెట్టి కొలిచింది. ఈలోగా తల్లి వండర్‌లా సంగతంతా చెప్పింది. అలల కొలను, రైలు, ఆయుధపూజ సెలవు, సంక్రాంతి నుంచి దసరాకు జరపడం, పాలు, గుడ్లు, మిగిలిన టికెట్. టీచరు చివరిదాకా విన్నది.

"లేదమ్మా, 85 కాలేదు" అంది. "మూడేండ్లు నిండిన ఆడబిడ్డ 95 ఉండాల. ఇది రెండేండ్లు నిండని బిడ్డ ఎత్తు."