ఓడెక్కిన మడకశిర చెంబు

నేను మడకశిర ఇత్తడి చెంబును. నీళ్లు కొలవడం నా పుట్టుపని. కొళాయికి నీళ్లొచ్చిన రోజు డ్రమ్ములు నింపుకుంటే, మిగతా రోజుల్లో ఎవరికెన్ని నీళ్లో తేల్చేది నేనే. లెక్క జేజిది. లెక్క దాటినోళ్ల నెత్తిన మొట్టికాయ కూడా నాతోనే.

జేజి మనవడు కలికిరి సైనిక్ స్కూల్లో చదివి నేవీకి ఎంపికైనాడు. అక్కడ స్టీలు మగ్గులుంటాయని వాడెంత మొత్తుకున్నా వినకుండా జేజి నన్ను వాడి సంచిలో దోపింది. అట్లా ఎజిమల నేవీ అకాడమీ దాటి, కొచ్చి చేరి, ఐఎన్‌ఎస్ తరంగిణి అనే శిక్షణ ఓడ ఎక్కినాను.

తరంగిణి పొడవు 54 మీటర్లు. మూడు కొయ్యలు, 20 తెరచాపలు. కాలిన్ మ్యూడీ అనే ఇంగ్లండు ఆయన నమూనా గీస్తే గోవా షిప్‌యార్డులో కట్టినారు. 1997 నవంబరు 11న నౌకాదళంలో చేరింది, 2003-04లో భూమిని చుట్టి వచ్చింది. మన నౌకాదళ ఓడల్లో ఆ పని మొదట చేసింది ఇదే. ఇంజిన్లూ ఉన్నాయి. కానీ ఇంజిను చప్పుడు వినిపించడానికి పిల్లల్ని దీంట్లోకి ఎక్కించరు.

నాకు కళ్లు లేవు. పట్టుకున్న చెయ్యే నాకు కబురు. మొదట్లో మనవడి చేతులు చల్లగా వణికేవి. తిన్నది కడుపులో నిలిచేది కాదు. నాతో నోరు పుక్కిలించుకుని మళ్లీ పనికి పోయేవాడు. కడుపులో తిప్పుతోందని వాచ్ అనే కాపలా వంతు తప్పించరు. తర్వాత అరచేతుల్లో బొబ్బలు లేచినాయి, చితికినాయి, కాయలు కాసినాయి. తాళ్లు లాగి లాగి. ఓడలో ఏ తాడు ఏ చాపదో చీకట్లో తడిమి చెప్పగలగాలి. పొరపాటున ఇంకోటి వదిలితే పైన కొయ్యమీదున్నవాడి ప్రాణం మీదికొస్తుంది.

కొయ్యెక్కి దిగినాక మాత్రం నన్ను నొక్కు పడేంత గట్టిగా పట్టుకున్నాడు. చిన్నప్పుడు మా సింహగిరి కొండ ఎక్కి దిగినోడే. కానీ కొండ ఊగదు. ఇక్కడ కాళ్ల కింద ఒక్క తాడు, నడుముకు బెల్టు. అడ్డకొయ్యకు పొట్ట ఆనించి రెండు చేతులా చాపను మడిచి కట్టాలి.

రోజును నాలుగేసి గంటల ముక్కలుగా కోస్తారు. ఒకడు చుక్కాని చక్రం దగ్గర, ఒకడు ముందువైపు కాపలా, తక్కినోళ్లు తాళ్ల దగ్గర. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న ముక్కను మాత్రం రెండుగా చీలుస్తారు. దాంతో వంతులు మారిపోయి, అర్ధరాత్రి కాపలా ఎప్పుడూ ఒకడి నెత్తినే పడదు. ఒకప్పుడు మా ఊళ్లో బోరుకు రాత్రి కరెంటు ఇచ్చినవాళ్లకు ఈ తెలివి ఎవరూ చెప్పినట్టు లేదు.

అర్ధగంటకోసారి గంట కొడతారు. ఆ గంటా మా ఇత్తడి వంశమే. దానికి బ్రాస్సో పాలిష్‌తో మెరుగు. ఉప్పుగాలికి నాకు చిలుము పడితే, మిగిలిన బ్రాస్సో నాకూ పూసినాడు. ఇక నాతో నీళ్లు తాగడం కుదరక స్నానానికి దించినాడు. ఉద్యోగంలో కిందికి దిగడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

స్నానం ముచ్చట వేరే. సముద్రపు నీటికి మామూలు సబ్బు నురగ రాదు, కొబ్బరినూనె సబ్బయితే వస్తుంది. ఆఖర్న ఒళ్లు కడుక్కోవడానికే మంచినీళ్లు. ట్యాంకులో ఉన్నంతే మరి. తక్కిన పిల్లలు గొణిగినారు. వీడు నన్ను కొద్దిగా వంచి సన్నటి ధారతో ముగించేస్తే, ఒకడు నోరు తెరిచి చూసినాడట. “మా ఊర్లో ఇది పండగ స్నానం రా” అన్నాడు వీడు.

రాత్రి వాచ్‌లో, 2017లో తారిణి అనే చిన్న పడవలో ఆరుగురు ఆడపిల్లలు గోవా నుంచి బయల్దేరి, భూమి చుట్టి మరుసటేడు మే నెలకు తిరిగొచ్చిన సంగతి మాట్లాడుకునేవాళ్లు. వాళ్లలో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మనవాళ్లే.

జూన్ తొలి రోజుల్లో నైరుతి మొదలైంది. ఈ గాలి మాకు కొత్త కాదు. ఆషాఢంలో రేకులు ఎగిరేటట్టు వీచి, చేలో మన్ను ఎత్తుకుపోయి, చుక్క రాల్చకుండా పోతుంది. పడమటి కనుమల వాననీడలో ఉన్న సీమ మాది. ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 2022లో అనంతపురం నుంచి విడిపోయి శ్రీసత్యసాయి జిల్లా అయినాము గానీ వాన అదే. ఆ గాలే ఇక్కడ తడిసి బరువెక్కి ఉంది. ఓడ ఒరిగిపోయేంతగా చాపలు నిండినాయి. “నిండుగా ఉన్నప్పుడు ఈ గాలిని ఎప్పుడూ చూడలేదు” అన్నాడు వీడు.

వాన కూడా వచ్చింది. చాప అంచు నుంచి కారే ధార కింద నన్ను పెట్టినాడు. మొదటి చెంబు ఉప్పు, పారబోసినాడు. తర్వాతివి తియ్యటి నీళ్లు. వంటగదిలో చింతపండు అడిగి తెచ్చి, బ్రాస్సో పోయేదాకా నన్ను తోమి, నాతోనే తాగినాడు. నా పాత ఉద్యోగం నాకొచ్చింది.

కొచ్చి చేరినాక జేజికి ఫోను చేసి గాలి కథంతా చెప్పినాడు. అది కనుమల్లో రాల్చిన వానే మహాబలేశ్వరం దగ్గర కృష్ణగా దిగి, శ్రీశైలం చేరి, అక్కణ్ణుంచి హంద్రీ-నీవా పంపులు ఎత్తిపోస్తే మన బ్రాంచి కాలువకు వస్తుందని వివరించినాడు. జేజి అంతా విన్నది.

“అంత చుట్టు తిరిగి వచ్చేదెందుకు నాయనా? చక్రం నీ చేతికే ఇచ్చినారంటివి. ఆ గాలినే నేరుగా ఇటు తిప్పకూడదా?”