ఒక్క సిట్టింగ్ మోక్షం

బొంగ్లూర్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు దిగి ఆదిభట్ల వైపు తిరిగితే భూమి కన్నా బోర్డులే ఎక్కువ కనబడతాయి. హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్ వెంచర్, స్పాట్ రిజిస్ట్రేషన్, సులభ వాయిదాలు. వాటి పక్కనే, అదే ఎరుపు, అదే పసుపు, బహుశా అదే ఫ్లెక్సీ షాపు: ఒకే సిట్టింగ్‌లో రూట్ కెనాల్, నొప్పి నిల్, ఎక్స్‌రే ఫ్రీ, క్యాప్ మీద పండగ ఆఫర్. ప్లాటుకూ పంటికీ తేడా పోయి చాన్నాళ్లయింది. రెండింట్లోనూ తవ్వేదాకా కింద ఏముందో తెలీదు. తవ్వాక చెరువు బయటపడితే అమ్మినవాడు ఫోనెత్తడు.

ప్రకటనలిచ్చి రోగుల్ని రాబట్టుకోవడం అనైతికమని దంతవైద్యుల 2014 నీతి నియమావళి చెబుతుంది. ఆ కాగితాన్ని ఎవరో ఒకరు గోడకు అంటించే ఉంటారు. దానిమీద ఫ్లెక్సీ వచ్చి పడింది, అంతే.

ఈ బోర్డుల వెనక ఉన్నవి రెండు మతాలు. ఒకరు అద్వైతులు: సిట్టింగ్ ఒక్కటే, రెండోది లేదు, తక్కినదంతా మాయ. రెండోవారు ప్రదక్షిణ వాదులు: ఎన్ని చుట్లు తిరిగితే అంత పుణ్యం, ప్రతి చుట్టుకీ టికెట్టు.

అద్వైతుల గది చల్లగా ఉంటుంది. కుర్చీలో వెనక్కి వాలితే పైకప్పుకు టీవీ. "లంచ్ టైంలో రండి సార్, రెండున్నర కాల్‌కి వెళ్లిపోవచ్చు" అంటారు రిసెప్షన్‌లో. భాషను బట్టే భక్తులెవరో తెలిసిపోతుంది. ఊళ్లో టీసీఎస్ క్యాంపస్ ఉంది, విమాన విడిభాగాల సెజ్ ఉంది; అక్కడ పని చేసేవాళ్లకు పన్ను కన్నా సెలవు ఖరీదు. మేనేజరుకు "పన్ను నొప్పి" అని ఒకసారి మెయిల్ పెట్టొచ్చు. నాలుగోసారి పెడితే పన్ను దక్కుతుందేమో గానీ ప్రాజెక్టు దక్కదు. అందుకని డాక్టరును అడిగే మొదటి ప్రశ్నే "ఎన్నిసార్లు రావాలి?" జవాబు కూడా చురుగ్గా వస్తుంది, పేషెంటు నోరు తెరవకముందే.

నోరు తెరిస్తే కదా అసలు కథ. పంటి లోపల నరం, రక్తనాళాలు కలిసిన మెత్తటి గుజ్జు ఉంటుంది. అది వాచి సలుపుతున్నా ఇంకా బతికే ఉంటే వేరు కొసదాకా సూక్ష్మజీవులు దిగి ఉండవు. చేయి తిరిగిన డాక్టరు, చాలినంత సమయం ఉంటే ఒకే సిట్టింగ్‌లో శుభ్రం చేసి మూసేయొచ్చు, శాస్త్రం కాదనదు. గుజ్జు చచ్చి, కుళ్లి, వేరు కొసన ఎముకలో పుండు పడి, తెరవగానే చీము పొంగుతుంటే మాత్రం తొందరపడే వీల్లేదు. తడి ఆరని వేరు కాలువను మూయకూడదు. లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి, వారమో రెండు వారాలో ఆగి, మళ్లీ తెరిచి చూసుకోవాలి. హెర్మన్ అనే ఆయన ఈ మందును 1920లో దంతవైద్యంలోకి తెచ్చాడు. నూరేళ్లు దాటినా దాన్ని ఎవరూ పక్కన పెట్టలేదు. 1965లో కాకెహాషి అనే పరిశోధకుడి బృందం ఒంట్లో సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల పళ్లకు గుజ్జు బయటపడేలా రంధ్రాలు చేసి వదిలేసింది. గుజ్జు మానిపోయింది. మామూలు ఎలుకల్లో చచ్చి కుళ్లింది. అంటే గొడవంతా సూక్ష్మజీవితో. దానికి మన రెండున్నర కాల్ సంగతి తెలీదు.

పై దవడలో మొదటి పెద్ద దవడపన్నుకు వేళ్లు మూడు. కాలువలు మాత్రం తరచుగా నాలుగు. ఆ నాలుగోది సన్నగా, పక్కదాని చాటున నక్కి ఉంటుంది. భూతద్దం పెట్టి ఓపిగ్గా వెతికితేనే దొరుకుతుంది. లంచ్ టైం అద్వైతానికి అంత తీరిక ఎక్కడిది? మూడింట్లో గట్టాపర్చా అనే గులాబీ రంగు రబ్బరులాంటి పదార్థం నింపి నాలుగోది మాయ అనేస్తారు. ఏడాది తర్వాత ఆ మాయే బుగ్గలో నిమ్మకాయంత అవుతుంది.

మరి లోకం ఏమంటోంది? 2022లో, చికిత్సల ఫలితాలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష 47 పరిశోధనలను ఒకచోట చేర్చి చూసింది. వేరు కొసన ఎముక మానడంలో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒక్క సిట్టింగ్‌లో ముగించినవాళ్లలో మాత్రం మొదటి వారం నొప్పి కొంచెం ఎక్కువ మందికి ఉంది. ఈ రెండు ముక్కలతో రెండు మతాలూ దుకాణం కట్టేయాలి. కట్టేయలేదు, పంచుకున్నాయి. మొదటి ముక్కను అద్వైతులు లామినేషన్ చేయించి రిసెప్షన్‌లో పెట్టారు. రెండో ముక్క ప్రదక్షిణ వాదుల వాటాకు వచ్చింది.

ఇక వీళ్ల గుడి. మొదటిసారి పన్ను తెరుస్తారు, దూది పెడతారు. రెండోసారి మందు మారుస్తారు. మూడోసారి మళ్లీ మందు మారుస్తారు. నాలుగోసారి డాక్టరు గారు బంధువుల పెళ్లికి వెళ్లారు, కాంపౌండరు మందు మారుస్తాడు. ప్రతిసారీ చేతిలో ఎంతోకొంత పెట్టాలి. ఏ కాలువ ఆరలేదు, ఎందుకు ఆరలేదు, ఇంకా ఎన్నాళ్లు? అడిగితే "నరం ముదిరిందమ్మా, టైం పడ్తది" అని జవాబు. నరం ముదరడం అనే జబ్బు ఏ పాఠ్యపుస్తకంలో ఉందో ఆ గురువులకే తెలియాలి.

ఈ మాట వినేది ఎక్కువగా మంచాల నుంచో యాచారం నుంచో దవడకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చిన ఆడమనిషి. "ఒక్కసారికే అయిపోతదా సారూ?" అని ఆమె కూడా అడుగుతుంది. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆడవాళ్లకు బస్సు ఉచితమే, పోయిన కూలికి ఏ పథకమూ లేదు. వచ్చిన ప్రతిసారీ ఒక దినం కూలి గోవిందా. న్యాయంగా చూస్తే తక్కువ సిట్టింగులు ఎవరికైనా కావాలంటే ముందు ఆమెకు కావాలి. ఆమెకు నాలుగు రాసిపెడతారు. ఏసీ క్యాబ్‌లో దిగినవాడికి ఒకటి. ఇద్దరి పళ్లలో ఎవరి గుజ్జు చచ్చింది, ఎవరిది బతికుంది అన్నదానితో ఈ పంపకానికి ఏ సంబంధమూ లేదు. చెప్పుల స్టాండు దగ్గరే తీర్పు అయిపోతుంది.

మూడోసారికి నొప్పి తగ్గుతుంది, ఆమె రావడం మానేస్తుంది. తగ్గాక ఎందుకు రావాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పైన పెట్టిన తాత్కాలిక సిమెంటు కొన్ని వారాల సరుకు. అది అరిగాక ఉమ్మి నింపాదిగా లోపలికి దిగుతుంది. లోపలి పని ఎంత బాగున్నా పైకప్పు కారితే ఫలితం దెబ్బతింటుందని రే, ట్రోప్ అనే పరిశోధకులు 1995లోనే చూపించారు. ఆర్నెల్లకు దవడ వాచి వస్తే "చెప్పిన మాట వినరు మీరు" అని నాలుగు తిట్టి పన్ను పీకేస్తారు. పీకడం మాత్రం రెండు మతాలవాళ్లూ ఒకే సిట్టింగ్‌లో చేస్తారు.

అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది కదా అంటారా? ఉంది. అక్కడ చవక. పని నేర్చుకునే పిల్లలు ఓపిగ్గా చేస్తారు, పైన ప్రొఫెసరు చూస్తాడు. ఆదిభట్ల నుంచి పొద్దున బయల్దేరి వరసలో నిలబడి, సాయంత్రానికి ఇంకో తేదీ పట్టుకుని రావచ్చు. పోనీ ఆరోగ్య బీమా? చాలా పాలసీలకు పళ్లు శరీరంలో భాగమని ఇంకా తెలియలేదు. ప్రమాదంలో రాలితే ఒప్పుకుంటాయి, పుచ్చితే ఒప్పుకోవు.

బయటి లోకానికి ఈ ఊరు వేరే రకంగా తెలుసు. ఇక్కడ అపాచీ హెలికాప్టర్ల మొండెం తయారవుతుంది, సీ-130జే రవాణా విమానాల తోక తయారవుతుంది. ఏ భాగం ఎవరు బిగించారు, ఎవరు తనిఖీ చేశారు, అన్నిటికీ రికార్డు. సంతకం పడనిది గేటు దాటదు. అలా సంతకం పెట్టిన మనిషే షిఫ్టు దిగి రోడ్డు దాటి పన్ను చేయించుకుంటే చేతికొచ్చేది విజిటింగ్ కార్డు వెనక పంటి నంబరుతో గీకిన "ఆర్‌సీటీ 46, బాకీ 2000". కాలువ పొడవెంత, దాన్ని గీకే ఫైల్ ఏ సైజు దాకా వెళ్లింది, లోపల ఏ మందు పెట్టారు, నింపాక తీసిన ఎక్స్‌రే ఏది? అమెరికా హెలికాప్టరుకు దక్కే మర్యాద ఆదిభట్ల దవడకు దక్కదు. ఆ మనిషి అడగడు కూడా. అడిగే అలవాటును ఫ్యాక్టరీ గేటు దగ్గర ఐడీ కార్డుతో పాటు మెడలోంచి తీసేస్తాడు.

వేగాన్ని లెక్కపెట్టి మురిసిపోవడం ఎక్కడికి తీసుకెళ్తుందో ఈ మండలం ఒకసారి చూసింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రి శిబిరంలో ఒక్క రోజులో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి రోజుల్లో నలుగురు చనిపోయారు. ఇన్‌ఫెక్షన్. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు. పంటి వైద్యం అంత దూరం వెళ్లేది అరుదు, ఒప్పుకుంటాను. కానీ ఆటోక్లేవ్‌లో పరికరం ఉడకాల్సిన నిమిషాలు బయట బెంచీ మీద ఎందరు కూర్చున్నారో చూసి తగ్గవు. ఆ సూత్రం కడుపుకైనా పంటికైనా ఒకటే. ఇంత జరిగిన చోట "ముప్ఫై నిమిషాల్లో రూట్ కెనాల్" అని రాసి పెడితే ఎవరికీ ఒళ్లు జలదరించదు. ఇంకో చోట ఇరవై నిమిషాలకు చేస్తారేమో కనుక్కుంటారు.

సిట్టింగులు ఎన్ని అని కొట్టుకునే రెండు మతాలూ రాజీ పడ్డ విషయం ఒకటుంది: రబ్బర్ డ్యామ్ వాడకపోవడం. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ అనే అమెరికా దంతవైద్యుడు పంటి చుట్టూ పలచటి రబ్బరు షీటు బిగించి ఉమ్మిని ఆపాడు. అది ఉంటే నోట్లోని సూక్ష్మజీవులు కాలువలోకి రావు. కడిగే హైపోక్లోరైట్, అంటే బట్టలకు వాడే బ్లీచింగు వంశమే, గొంతులోకి జారదు. విరిగిన ఫైలో, చేతిలోంచి జారిన ఫైలో ఊపిరితిత్తులకు యాత్ర వెళ్లదు. ఒక సిట్టింగ్‌కైనా, పదింటికైనా ఇదే పునాది. మన రోడ్డు పేరే నాగార్జున సాగర్ రోడ్డు. గేట్లెత్తారంటే కుటుంబాలతో ఆ డ్యామ్ చూడ్డానికి పోతాం. ఈ డ్యామ్‌ను ఇక్కడి నోళ్లలో చూసినవాళ్లు ఎందరో చేతులెత్తమనండి. లేజరు ఉంది, పైకప్పు టీవీ ఉంది, చేప బొమ్మలు ఈదే అక్వేరియం ఉంది. టీవీ రిమోట్ బ్యాటరీలంత ఖర్చు కూడా లేని షీటు దగ్గరికి వచ్చేసరికి "మన పేషెంట్లకు ఊపిరాడదండీ" అంటారు. పాపం, ముక్కుతో ఊపిరి పీల్చడం ఆదిభట్లకు ఇంకా రాలేదు కాబోలు.

చివరికి క్యాప్. మెటల్‌కు ఇన్నేళ్లు, సిరామిక్‌కు ఇన్నేళ్లు, జిర్కోనియాకు పదిహేనేళ్లు వారెంటీ, బంగారు అంచుల కార్డు. కింద వేరు వారం రోజులు నిలుస్తుందో లేదో రాసిచ్చే కార్డు మాత్రం అచ్చవ్వలేదు. వైద్యం గెలిచిందా ఓడిందా తేలేది నొప్పి తగ్గిన రోజున కాదు. ఏడాదికి ఇంకో ఎక్స్‌రే తీసి, వేరు కొసన నల్లమచ్చ చిన్నదైందో పెద్దదైందో పాతదాని పక్కన పెట్టి చూసిన రోజున తేలుతుంది. ఆ సిట్టింగ్‌ను అద్వైతులూ లెక్కలోకి తీసుకోరు, ప్రదక్షిణ వాదులూ తీసుకోరు. టికెట్టు లేని దర్శనం అది. పట్టుబట్టి ఎవరైనా ఏడాది తర్వాత వెళ్లారనుకోండి, రిసెప్షన్‌లో అమ్మాయి ఎగాదిగా చూస్తుంది.

"నొప్పేమైనా ఉందా సార్?"

"లేదమ్మా."

"క్యాప్ ఊడిందా?"

"లేదు."

"మరెందుకొచ్చారు?"