రింగు తిప్పుడు ఫోటోగ్రాఫర్లు

మా రోజుల్లో ఫోటో తీసేవాడు నడిచేవాడు. ఇప్పటివాడు నిలబడ్డ చోటే నిలబడి లెన్సు మీద రింగు తిప్పుతాడు. నా గోలంతా ఇదే. ముసలాడి గోల కాబట్టి కాస్త సాగుతుంది, ఓపిక పట్టండి.

ఇక్కడ న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ యూనివర్సిటీలో పట్టాలిచ్చే రోజుల్లో ఒకసారి ప్రిన్సెస్ స్ట్రీట్‌కి వెళ్ళి చూడండి. 1926 నాటి క్లాక్ టవర్ ముందు నల్లగౌన్లు, గౌన్ల కింద పట్టుచీరలు. పిల్ల పట్టా పుచ్చుకుంటోందని గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో విజిటర్ వీసా మీద దిగిన అమ్మానాన్నలు. ఫోటో తీసే కుర్రాడేమో రోడ్డుకి అవతల! చేతిలో 70-200 జూమ్, బరువు కిలోన్నర. అక్కడి నుంచి "ఆంటీ, కొంచెం ఎడమకి!" అని కేకేస్తాడు. మధ్యలో బస్సు పోతుంది. ఆంటీ కుడికి జరుగుతుంది. "అయ్యో, అటు కాదాంటీ!" అని మళ్ళీ కేక. ఆ కేకలకి ఆవిడ మొహంలో ఉన్న సంతోషం కాస్తా ఆవిరై, బ్యాంకు క్యూలో నిలబడ్డ మొహం మిగులుతుంది. అప్పుడు నొక్కుతాడు.

"అదేంటి నాయనా, దగ్గరకి రావచ్చుగా?" అంటే, "జూమ్ ఉంది కదంకుల్, ఎందుకు రావడం?" అంటాడు. వాడి పక్కనే ఇంకొకడుంటాడు. వాడిది ప్రైమ్ మతం. ప్రైమ్ అంటే జూమ్ కాని లెన్సు, 50 మి.మీ. అంటే 50, 85 అంటే 85, ముందుకూ వెనక్కీ సాగదు. వాడి మొక్కు ఎఫ్ 1.2కి, అంటే లెన్సు కన్ను బార్లా తెరవడానికి. రోడ్డుకి అవతలి ఆల్బర్ట్ పార్కులో తీస్తే, వెనకాలదంతా ఆకుపచ్చ మబ్బైపోవాలి. అంత మబ్బే కావాలంటే ఆక్లాండ్ దాకా రావడమెందుకో నాకు అర్థం కాదు, తెనాలిలో తెర కట్టి తీయొచ్చు. ఈ ఇద్దరూ జూమా ప్రైమా అని నా చెవులు చిల్లులు పడేలా వాదించుకుంటారు. ఇద్దరిలో ఎవడూ కాళ్ళ ఊసెత్తడు.

తెనాలి అన్నాను కనక చెప్తా. మా బాబాయి స్టూడియోలో ఉన్నది ఒక యాషికా మ్యాట్. దానికి 80 మి.మీ. లెన్సు శాశ్వతంగా బిగించి ఉంటుంది, ఊడదు, మారదు. 120 రీలుకి పన్నెండే ఫోటోలు. తల, భుజాలు వరకు కావాలంటే మీదికి వెళ్ళి మొహంలో మొహం పెట్టేవాళ్ళం కాదు. ఆరడుగుల దూరాన నిలబడి, నడుం దాకా తీసి, డార్క్ రూంలో ఎన్‌లార్జర్ కింద కావలసినంత మేరకి పెంచుకుని మిగతాది వదిలేసేవాళ్ళం. ఎందుకని ఎవరూ మాకు శాస్త్రం చెప్పలేదు. "దగ్గరకెళ్తే ముక్కు పెరుగుతుందిరా" అని బాబాయి చెప్పింది, అంతే.

ఆ ముక్కలో శాస్త్రమంతా ఉంది. ముక్కు కొసకీ చెవికీ మధ్య సుమారు పన్నెండు సెంటీమీటర్లు అనుకోండి. అర మీటరు దూరం నుంచి తీస్తే చెవి ముక్కు కన్నా పావు వంతు ఎక్కువ దూరంలో ఉన్నట్టు, కాబట్టి ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పారిపోతాయి. సెల్ఫీల్లో అందరూ ఒకే కుటుంబం వాళ్ళలా కనపడేది ఇందుకే. రెండు మీటర్లకి జరిగితే ఆ తేడా ఆరు శాతానికి పడిపోతుంది, మొహం మొహంలా ఉంటుంది. ఇది లెన్సు చేసే పని కాదు, దూరం చేసే పని. ఒకే చోట నిలబడి 50తో తీసి కత్తిరించినా, 85తో నిండుగా తీసినా, జూమ్‌ని 85 దగ్గర పెట్టి తీసినా ముక్కు కొలత ఒకటే. లెన్సు ఎంత మేర కత్తిరించాలో చెప్తుంది. మనిషి ఎలా కనపడాలో మీ చెప్పులు చెప్తాయి.

మరి పోర్ట్రెయిట్ అనగానే అందరూ 85 అంటారెందుకు? ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరాని నిలువుగా పట్టి తలా భుజాలూ నింపాలంటే 85తో సుమారు మీటరూ ముప్పావు దూరంలో నిలబడాలి. 50తో అయితే మీటరే, కొంచెం మీద పడ్డట్టుంటుంది. 200తో నాలుగు మీటర్లు పైన. నిలువెత్తు ఫోటోకి 200తో పదకొండు మీటర్లు! మీటరూ ముప్పావు అంటే మామూలు గొంతుతో మాట్లాడుకునే దూరం. "మీ ఊళ్ళో వానలెలా ఉన్నాయండీ?" అని అడిగితే ఆవిడ తల ఎత్తి సమాధానం చెప్పే దూరం. పదకొండు మీటర్ల నుంచి వానల గురించి అడగలేం.

ఎంత దూరంలో నిలబడాలన్నదానికి ముందు కెమెరా వెనక ఎవరు నిలబడాలన్నది కూడా ఉంది. ఇది మా హైదరాబాదులో ఎప్పుడో తెలుసు. ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాని నిర్వహణ ఒక ఆంగ్లేయ మహిళకి అప్పగించాడు. కూర్చున్న మనిషి బిగుసుకుపోతే ఏ గాజూ పనికిరాదని ఆయనకి తెలిసే ఉంటుంది.

ఇక వెలుతురు. మా తెనాలి స్టూడియోకి ఉత్తరం వైపు పెద్ద కిటికీ. ఏడాదిలో ఎక్కువ రోజులు అటునుంచి ఎండ నేరుగా పడదు, మెత్తటి వెలుతురు వస్తుంది. ఈ దేశానికొచ్చాక అంతా తిరగబడింది. ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, మెత్తటి వెలుతురు దక్షిణం నుంచి. (వాస్తు పండితులు దీని సంగతి ఇంకా తేల్చినట్టు లేదు.) క్వీన్ స్ట్రీట్ సముద్రం ఒడ్డు నుంచి దక్షిణానికి ఎక్కుతుంది కనక, మిట్టమధ్యాహ్నం రేవు వైపు తిరిగి నిలబడ్డవాళ్ళందరూ కళ్ళు చిట్లిస్తారు. నాలుగడుగులు పక్కకేసి వల్కన్ లేన్‌లోకి మళ్ళితే? అది తూర్పు పడమరల సందు, ఉత్తరపు భవనాల నీడ పడుతుంది. పైన ఆకాశం తెరిచి ఉంటుంది, ఎదురుగోడ మీద నుంచి ఎండ మెత్తగా తిరిగి వస్తుంది. స్టూడియోకి ఏం తక్కువ? ఆ సందులో 70-200 వేసుకుంటే వెనక్కి జరిగీ జరిగీ ఎవరి కాఫీ బల్ల మీదో కూర్చుంటారు. 50 గానీ 85 గానీ ఉంటే హాయి.

సివిక్ థియేటర్ సంగతీ అంతే. 1929 నాటిది, లోపల ఏనుగులు, బుద్ధుడి విగ్రహాలు, ఎవరో మన దేశాన్ని కలలో చూసి కట్టినట్టుంటుంది. నాటకానికొచ్చిన మనవాళ్ళు ఆ ఏనుగుల దగ్గర ఫోటో తీయించుకోకుండా కదలరు. లోపల మసక వెలుతురు. కెమెరాతో పాటు వచ్చే 18-55 జూమ్ చివరికి సాగితే ఎఫ్ 5.6. ఎఫ్ 1.8 ప్రైమ్ దానికి దాదాపు పదింతల వెలుతురు తీసుకుంటుంది. ఇక్కడ ప్రైమ్ భక్తుడిదే గెలుపు, ఒప్పుకోక తప్పదు.

కానీ వాడి మొక్కు ఉంది చూశారూ, ఆ ఎఫ్ 1.2! మీటరూ ముప్పావు దూరంలో 85ని ఎఫ్ 1.2 దగ్గర తెరిస్తే స్పష్టంగా ఉండే మందం మూడు సెంటీమీటర్లు. మనిషి కొంచెం పక్కకి తిరిగితే ఒక కన్ను ఉంటుంది, రెండోది పోతుంది. ముక్కుపుడక ఉంటే కమ్మ ఉండదు. ఎఫ్ 4కి మూస్తే పది సెంటీమీటర్లు వస్తుంది, మొహం దాదాపు మొత్తం దక్కుతుంది. అమ్మమ్మ ఇచ్చిన రవ్వల కమ్మలు పెట్టుకుని అంత దూరం నుంచి వచ్చిన మనిషికి చెవులు లేకుండా చేసి ఆ మసకని చూపించి "బోకే అంకుల్, బోకే" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోన్లయితే మరీ అన్యాయం. లెక్కలు కట్టి మసక పూస్తాయి, జడలోంచి జారిన వెంట్రుకల్ని కూడా దానితో పాటు తుడిచేస్తాయి.

జూమ్ అంటే మా తరానికి చిన్నచూపు ఉత్తినే రాలేదు. నికాన్ 1963లో తెచ్చిన 43-86 జూమ్ ఎంత పేరు మోసిందో, దాని అంచుల మెత్తదనం అంత అపఖ్యాతి మోసింది. స్టీవ్ మెక్‌కరీ 1984లో పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్గాన్ పిల్ల ఫోటో 105 ఎఫ్ 2.5 ప్రైమ్‌తో తీసిందే. అది వేరే కాలం. ఇవాళ్టి ఎఫ్ 2.8 జూమ్‌లు స్పష్టతలో దేనికీ తీసిపోవు. కాబట్టి జూమ్ వాడకండని నేననను. ఆక్లాండ్ నగరంలో దీపావళి సంబరాలు 2002 నుంచి జరుగుతున్నాయి. ఆ జనంలో, కూచిపూడి వేషం కట్టుకుని పరుగెత్తే ఏడేళ్ళ పిల్లల వెనకాల ప్రైమ్ పట్టుకు తిరిగితే పండగ అయిపోతుంది, ఫోటో రాదు. రేవులో ఫెర్రీ బిల్డింగ్ దగ్గర గాలి, అరగంటకో జల్లు. ఆ ఉప్పుగాలిలో లెన్సు ఊడదీసి సెన్సరు ఆరబెట్టేకన్నా 24-70 ఒకటి బిగించి ఊరుకోవడం బుద్ధిమంతుల పని. క్లాక్ టవర్ మొత్తం రావాలన్నా 24 కావాల్సిందే.

జూమ్ ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ముందు నిలబడండి, తరవాత తిప్పండి. మనిషికి ఎంత దూరంలో ఉండాలో కాళ్ళతో తేల్చుకుని, ఫ్రేము ఎంత ఉండాలో రింగుతో తేల్చుకోవాలి. ఇప్పటివాళ్ళు తలకిందులుగా చేస్తున్నారు.

లెన్సుని మించిన సంగతులు చూడాలంటే, లోర్న్ స్ట్రీట్‌లో సిటీ లైబ్రరీ ఉంది కదా. ఆక్లాండ్ లైబ్రరీల దగ్గర క్లిఫ్టన్ ఫర్త్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలు భద్రంగా ఉన్నాయి. 1904లో పుట్టి 1980లో పోయాడు, ఈ నగరంలోనే స్టూడియో నడిపాడు. మొహం మీద వెలుగునీడలు హాలీవుడ్ తారలకి పడినట్టు పడేవి, కూర్చున్నది ఎవరైనా సరే. ఆన్‌లైన్‌లో కూడా చూడొచ్చు. లెన్సుల సమీక్షల వీడియోలకి పెట్టే సాయంత్రాల్లో ఒక్కటి ఆయన ఫోటోలకి పెట్టండి. దీపం ఎక్కడుంది, గడ్డం ఎంత ఎత్తులో ఉంది, చేతులేం చేస్తున్నాయి, అవి చూడండి.

ఇంత చెప్పినా "మరి ఏది కొనమంటారంకుల్?" అంటారు, నాకు తెలుసు. మనుషుల మొహాలే తీస్తానంటే 85 ఎఫ్ 1.8 సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి కొనండి. అరకిలో కూడా ఉండదు, పర్సులో పట్టకపోయినా కోటు జేబులో పడుతుంది. మీది చిన్న సెన్సరు కెమెరా అయితే 50 ఎఫ్ 1.8 చాలు, అదే పని చేస్తుంది, ఇంకా చవక. పండగలూ పిల్లలూ కూడా తీయాలంటే తరవాత 24-70 చూసుకోండి. ఆ కిలోన్నర 70-200 మాత్రం కొనొద్దు, కావలసిన రోజున అద్దెకి తెచ్చుకోండి.