ఇద్దరే యూనిట్

తొలి షార్ట్ ఫిల్మ్‌కి మదనపల్లెలో ఇద్దరు చాలు. ఒకడు డైరెక్టరు, రెండోవాడు మిగతా అందరూ. మొదటి షాటు హార్స్‌లీ హిల్స్ మీద సూర్యోదయం. మనవాళ్లు బండికి పెట్రోలు కొట్టించుకుని కొండెక్కేలోగా సూర్యుడు నడినెత్తికొచ్చేశాడు. ఇక మిగిలింది గాలి. ఫోన్ మైకులో డైలాగులన్నీ అదే చెప్పింది.

పుంగనూరులో ఫ్రేములోకి పొట్టి ఆవొచ్చింది. ఎత్తు మూడడుగులకు లోపే. క్లోజప్ కోసం కెమెరామన్ బురదలో బోర్లా పడుకున్నాడు. "మచ్చా, హీరోకంటే ఇదే బాగా చేస్తాండాది రా!" అన్నాడు. హీరో కూడా తనే కాబట్టి గొడవ కాలేదు.

కుప్పంలో బడ్జెట్ పెరగలేదు గానీ మార్కెట్ పెరిగింది. ఒకవైపు తమిళనాడు, మరోవైపు కర్ణాటక. పోస్టరు మీద 'పాన్ ఇండియా' పడిపోయింది!

నవ్వకండి. తిరుపతి ఎస్వీయూలో కలిసి చదివిన రాజ్, డీకే నిర్మించిన 'సినిమా బండి' (2021) కథా ఇంచుమించు ఇదే: దొరికిన కెమెరాతో ఆటోడ్రైవరు, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు కలిసి సినిమా తీస్తారు. అక్కడ దొరికింది ఖరీదైన కెమెరా. ఇక్కడ ఉన్న ఛార్జరే పోయింది.

సినిమా నాలుగు నిమిషాలు, టైటిల్స్ ఆరు. అన్నిట్లోనూ మనవాళ్లిద్దరి పేర్లే. ఆవుకు మాత్రం థ్యాంక్స్ కార్డు కూడా లేదు.